గ్లూట్-త్రీ వెలగని వారం

"దాదా, మీ మైక్రోస్కోప్ పాడైంది" అని బెంగాలీలో చెప్పి, భాను ల్యాబ్‌లో కుర్చీలో కూలబడింది.

కంపెనీ తరఫున వచ్చిన ఇంజినీరు జయంత్ అన్నీ విప్పి చూశాడు. తర్వాత, ఆమెకి అర్థం కాదనుకుని, ఫోన్‌లో తన తెలుగు మేనేజర్‌తో తెలుగులో గొణిగాడు: "మెషీన్ మంచిగనే ఉంది సార్. మేడమే సరిగ్గ నిద్ర పోతలేనట్టుంది."

"నేను నిద్దరోతే నా పిండాలని మీరు చూసుకుంటారేటి?" అంది భాను, కళ్లు తెరవకుండానే.

అతని చేతిలో ఫోన్ జారబోయింది. "మీరు తెలుగా?"

"కలకత్తా తెలుగోళ్లం, ఖిదిర్‌పూర్. నాన్నకి ఓడరేవు డాక్‌లో పని. ముందు మెషీన్ చూడండి."

భాను పరిశోధన ఎలుక పిండాల మీద. మొదటి రోజుల్లో వాటికి చక్కెరతో పెద్దగా పని ఉండదు. గర్భసంచికి అతుక్కునే వేళ దగ్గరపడేసరికి పైపొర కణాల మీద గ్లూట్-త్రీ అనే తలుపులు పుడతాయి. చక్కెర వాటిలోంచే లోపలికి వెళ్తుంది. రంగు పట్టించి మైక్రోస్కోప్ కింద చూస్తే ఆ తలుపులు పచ్చగా వెలగాలి. వారమంతా చీకటే వచ్చింది. ఫెలోషిప్ అయిపోవస్తోంది. గైడ్ రోజూ ఫలితాలేవని అడుగుతున్నారు.

జయంత్ తన టెస్ట్ స్లైడ్ పెట్టాడు. అది చక్కగా వెలిగింది.

"అంటే తప్పు నాదనా?"

"నేను గట్ల అనలే."

అతను వానలోనే వెళ్లిపోయాడు. ఇంజినీరుకి పని రాదని భాను కంపెనీకి మెయిల్ కొట్టింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఫ్రిజ్ సర్దుతూ చేతిలో సీసా చూసి ఆగిపోయింది. ఆ తలుపులకి అతుక్కోవడానికి ఆమె వాడే యాంటీబాడీ కుందేలు నుంచి తీసింది. దానికి కుందేలుకి సరిపడే రంగే కలపాలి. అలసటలో మేకకి సరిపడే రంగు కలుపుతూ వచ్చింది.

సరైన రంగుతో మళ్లీ చేస్తే పిండం అంచు పచ్చటి గాజులా వెలిగింది. ఆమెకి సంతోషం రాలేదు. మెయిల్ గుర్తొచ్చింది.

కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ మెయిల్ వల్లే జయంత్‌ని గౌహతికి బదిలీ చేస్తున్నారని తెలిసింది. రెండు బస్సులు మారి, తడిసిన చున్నీతో ఆఫీసుకెళ్లి, అందరి ముందూ మేనేజర్‌తో తప్పు తనదేనని చెప్పింది. ఆయన బదిలీ ఆపేశాడు.

జయంత్ గొడుగు పట్టుకుని ఆమె వెనకే మెట్లు దిగొచ్చాడు.

"ఒక మెయిల్ పెడితే సరిపోతుండె గదా?"

"మెయిల్‌తోనే కదా మీకీ గతి పట్టించాను."

"గౌహతి తప్పిందని ఖుషీగ ఉన్న. ఎందుకో అడగరా?"

"అడిగే ఓపిక లేదు. చెప్పేయండి."

"మిమ్మల్ని మళ్ల చూడాలె."

భాను అతని గొడుగు కిందికి జరిగింది. "నాకూ అలాగే ఉంది. కానీ థీసిస్ అయ్యేదాకా సినిమాలూ షికార్లూ కుదరవు. ఆకలేస్తోంది. మా ఇంటికొస్తారా?"

తల్లి మహాలక్ష్మమ్మ తలుపు తీసి, "ఎవులే ఈ బాబు?" అంది.

"ఇంజినీరమ్మా. నా వల్ల మాట పడ్డాడు."

ఆవిడ మరేమీ అడగకుండా ఇద్దరికీ అన్నం, చేపల పులుసు వడ్డించింది. జయంత్ ముల్లు తీయలేక తంటాలు పడుతుంటే భాను నవ్వింది. నవ్వుతూనే మళ్లీ అన్నం పెట్టించుకుంది.

మహాలక్ష్మమ్మ గరిటె పట్టుకుని కూతుర్నే చూస్తూ ఉండిపోయింది.

"రేపు కూడా రా, బాబూ" అంది మెల్లగా. "ఇది కడుపు నిండా తిని ఎన్నాళ్లయిందో."

జయంత్ భాను వైపు చూశాడు.

"అమ్మ మాట కాదనకండి" అంది భాను, తలెత్తకుండా.