సెలవులో అయిదో రోజు

"మీ అమ్మగారు రెండోసారి ఎలా పోయారండీ?"

లీవ్ సెక్షన్ కౌంటర్ వెనక కూర్చున్న అమ్మాయి నాతో అన్న మొదటి మాట ఇది. ప్రేమకథలు ఇలా మొదలవకూడదని నాకూ తెలుసు. ఏం చేస్తాం, మాది నీటి సరఫరా శాఖ. నేను మీటర్ రీడర్‌ని, ఆమె లీవ్ క్లర్కు. ఆఫీసంతా చాటుగా ఆమెని 'రూల్ బుక్' అనేవాళ్ళు.

"ఏంటండీ ఆ మాటలు?" అన్నాను.

ఆమె నా సర్వీసు ఫైలు నావైపు తిప్పింది. "మూడేళ్ళ క్రితం అమ్మ మరణం, అయిదు రోజుల సెలవు. ఇప్పుడు మళ్ళీ అమ్మ మరణం, అయిదు రోజులు. రెండు ఫారాలూ మీ చేతిరాతే."

కోపం నషాళానికంటింది. "ఆవిడ కన్నది. ఈవిడ పెంచింది. ఇద్దరూ పోయారు. చాలా?"

ఆమె పెన్ను కింద పెట్టింది.

"పెంచినావిడ మీకేమవుతారు?"

"పిన్ని. మా అమ్మ చెల్లెలు. అమ్మ నర్సు, ఎప్పుడూ బదిలీలే. అయిదో ఏట నన్ను పిన్ని దగ్గర వదిలింది. ఉద్యోగం వచ్చేదాకా అక్కడే ఉన్నాను. ఆదివారం పోయింది. నిన్న అంత్యక్రియలు."

"సారీ అండీ," అంది మెల్లగా. ఆ గొంతుతోనే, "పిన్నికి సెలవు రాదండీ," అంది.

తల్లి, తండ్రి, భర్త లేదా భార్య, పిల్లలు, తోడబుట్టినవాళ్ళు. వీళ్ళెవరు పోయినా అయిదు రోజులు. పిన్ని పోతే మర్నాడు డ్యూటీ. ఫారం లాక్కుని వచ్చేశాను. నా బాధ సెలవు గురించి కాదు. 'సంబంధం' అన్న గడిలో నేను అమ్మ అని రాశాను. కాదు పొమ్మన్నారు. అది మింగుడు పడలేదు.

మర్నాడు పొద్దున్న ఒక ఇంటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని మీటర్ మూత తుడుస్తున్నాను. చినుకులు మొదలయ్యాయి. ఫోన్ మోగింది.

"రూల్ బుక్‌ని మాట్లాడుతున్నా."

"ఆ పేరు మీకూ తెలుసా?"

"నాకు చెవులున్నాయండీ. వినండి. రూల్స్ ఆఖరి పేజీలో ఒక లైనుంది. తల్లిదండ్రుల స్థానంలో ఉండి పెంచినవాళ్ళు కూడా తల్లిదండ్రుల కిందే లెక్కట. రెండేళ్ళుగా ఈ సీట్లో ఉన్నా, ఆ పేజీదాకా చదవలేదు. తప్పు నాదే. మిమ్మల్ని ఆవిడే పెంచారని తెలిసే పాత కాయితాలేమైనా ఉంటే తెండి."

లంచ్ టైముకి పిన్ని రేకు పెట్టె మోసుకెళ్ళాను. అందులో నా ప్రోగ్రెస్ కార్డులు పది, ఒకటో తరగతి నుంచి. ఆమె టిఫిన్ బాక్సు పక్కకి జరిపి, ఒక్కొక్క సంతకం మీద వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. ఏడో తరగతి దగ్గర వేలు ఆగింది.

"ఇది ఆవిడ సంతకం కాదే."

"కాదు."

"మరెవరిది?"

"నాదే. లెక్కల్లో పంతొమ్మిది వచ్చాయి."

ఆమె పెదవి బిగబట్టింది గానీ నవ్వు ఆగలేదు. "గవర్నమెంటు ఆఫీసులో కూర్చుని ఫోర్జరీ ఒప్పుకుంటున్నారు!"

"అప్పటికి నాకు పన్నెండేళ్ళండీ."

"చేయి తిరిగిన పనే," అంటూ కార్డుని కిటికీ వెలుతురులోకి ఎత్తింది. నవ్వు ఆగిపోయింది. "ఇది ఎప్పుడైనా చూశారా?"

నా దొంగ సంతకం కింద పెన్సిల్‌తో, సన్నగా, పిన్ని చేతిరాత. 'చూశాను. లెక్కలు నేను నేర్పిస్తాను.'

ఆ వేసవంతా పిన్ని నన్ను రోజూ గంటసేపు కూర్చోబెట్టి లెక్కలు చేయించింది. దొరికిపోయావని ఒక్క మాట అనలేదు. అంత్యక్రియల్లో రాని ఏడుపు అక్కడ, ఫైళ్ళ మధ్య, తన్నుకొచ్చింది. లంచ్ అయిపోయింది, జనం వస్తున్నారు. క్షణం ఆలస్యమైతే ఊరుకోని రూల్ బుక్ లేచి వెళ్ళి 'భోజన విరామం' బోర్డు మళ్ళీ తగిలించి వచ్చింది. మంచినీళ్ళు నా ముందు పెట్టి, కార్డులు వరసగా సర్దింది.

తర్వాత తనే అంది. "మా తాతయ్య పోయినప్పుడు నేనూ ఈ ఫారం నింపానండీ. నింపి, తాతయ్యకి రాదు కదా అని నేనే అడ్డంగా గీత కొట్టేశాను. మామూలు సెలవులేమో అయిపోయాయి. ఆ రోజంతా ఇక్కడే కూర్చుని అందరి సెలవులూ రాశాను."

"మరి ఆ ఆఖరి లైను?"

"నన్ను పెంచింది అమ్మానాన్నే. తాతయ్య ఊరికే ప్రేమించాడు. దానికి ఏ పేజీలోనూ లైను లేదు."

రెండు రోజుల్లో సెలవు మంజూరైంది. గడిలో అమ్మ అన్న మాట నేను రాసినట్టే ఉంది. పక్కన ఆమె పొట్టి సంతకం.

నాలుగు రోజులు పిన్ని ఇంట్లోనే ఉన్నాను. బీరువా సర్దాను. ఆవిడ చదవకుండా వదిలిన లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చేశాను. ఒక రోజంతా నిద్రపోయాను. అయిదో రోజు లంచ్ టైముకి ఆఫీసుకి వెళ్ళాను.

"సెలవులో ఉన్నవాళ్ళు ఇక్కడికి రాకూడదు," అంది రూల్ బుక్.

"రూలుందా?"

ఒక్క క్షణం నిజంగానే ఆలోచించింది. "లేదు."

"అయితే ఈ రోజు మీ తాతయ్యది. సెలవు నాది, రాసింది మీరు. ఎవరిని తలుచుకోవాలో అందులో రాసి లేదు. ఆయన గురించి చెప్పండి."

ఆమె కళ్ళు నిండాయి. డ్రాయర్ తెరిచి, అడుగు నుంచి గీత కొట్టిన ఫారం తీసి బల్ల మీద పెట్టింది. "గడియారాలు బాగుచేసేవాడండీ," అని మొదలుపెట్టింది. "ప్రపంచంలో గడియారాలన్నీ బాగుచేస్తాడు, మా ఇంట్లోది మాత్రం పది నిమిషాలు వెనక. నేను బడికి ఆలస్యంగా వెళ్ళాలని తనే అలా పెట్టేవాడు. ఇంకో పది నిమిషాలు ఆయన దగ్గర ఉంటాను కదా..."

లంచ్ అయిపోయింది. కథ అవలేదు. ఆమె గోడ గడియారం చూసి, నా మొహం చూసి, కొత్త ఫారం ఒకటి తీసి తన పేరు మీద అరపూట సెలవు రాసుకుంది. కారణం దగ్గర పెన్ను ఆగింది.

"ఏం రాయను?"

"ఉన్నదే రాయండి."

'తాతయ్య గురించి మాట్లాడాలి' అని రాసింది.

బయట చినుకులు. ఇద్దరికీ ఒకే గొడుగు, అదీ ఆమెది. మలుపు దాకా ధైర్యం కూడగట్టుకున్నాను.

"మీరంటే నాకిష్టమండీ. ఆ బోర్డు తగిలించి వచ్చారు చూడండి, అప్పటినుంచి."

ఆమె నావైపు తిరగలేదు. గొడుగు మాత్రం కాస్త నావైపు ఒరిగింది.

"చూశాను," అంది.