కుదుపు లేని కారు

"బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాండారే, జ్వరమొచ్చిందా దానికి?"

ఉదయ్ కుమార్ చెయ్యి తియ్యకుండానే తలెత్తి చూశాడు. నీలం చుడీదార్, భుజాన బ్యాగు, కళ్ళ నిండా వెటకారం. ఆ అమ్మాయి కారు కొనడానికి వచ్చిన తిమ్మప్ప కూతురు నందిని అని తెలుసు కాబట్టి సరిపోయింది. లేకపోతే జవాబు ఇంకోలా ఉండేది.

"జ్వరమే మేడమ్. మనమొచ్చేలోగానే అమ్మేటోళ్ళు స్టార్ట్ చేసి వేడి చేసి పెట్టినారు. ఇంజన్ చల్లగా ఉంటేనే నిజం చెప్తాది. పొగైనా, చప్పుడైనా అప్పుడే బయటపడేది. వేడెక్కినాక అన్ని బండ్లూ మంచివే."

"మనుషులు నయం. వేడెక్కినాకే నిజం చెప్తారు."

తిమ్మప్ప నవ్వలేదు. ఆయనకు తొందరగా ఉంది.

రెండువేల రెండో సంవత్సరం అది. అనంతపురంలో పాత కారు కొనాలంటే ముందు ఉదయ్ షెడ్డుకు పోయి అతణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళడం అందరికీ అలవాటు. ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టినవాడు, దారాలు పట్టిన ఆ సన్నటి వేలి నేర్పును తెచ్చి ఇంజన్లకు అప్పగించాడు. అతను కొనమంటే కొన్నట్టే. వద్దంటే బండి యజమాని ఇంకో ఊరు చూసుకోవలసిందే. ఆ ఒక్క మాట తప్ప అతనికి వేరే ఆస్తి లేదు.

తిమ్మప్పకు అనంతపురంలో ఇల్లు, కళ్యాణదుర్గం దగ్గర వేరుశనగ భూములు, తిరగడానికి ఒక జీపు. ఈ వయసులో ఆయనకు జర్మనీ కారు మీద మోజు పుట్టిందని ఊళ్ళో నవ్వుకున్నారు. మోజు కాదు.

"మా యామెకు నడుము ఆపరేషన్ అయింది కదప్పా" అన్నాడు తిమ్మప్ప. "జీపులో కూర్చోలేదు. మొన్న బాడుగ కారులో పిల్చుకపోతే సగం దారి కూడా దాటలేక వెనక్కొచ్చినాం. రాయదుర్గంలో వాళ్ళమ్మ మంచాన పడుండాది. ఒక్కసారి చూడాలని ఈమె ఒకటే ఏడుపు. కుదుపు లేని బండి కావాల నాకు. పాతదైనా సరే, మోసం ఉండకూడదు."

ఆ మొదటి కారులో మోసం ఉంది. ఉదయ్ కాళ్ళ కింది కార్పెట్ ఎత్తి నందినిని పిలిచాడు. అడుగున ఎండిన బురద, పక్కనే తుప్పు.

"వరదల్లో మునిగిన బండి ఇది. సెంటు కొట్టినారు కానీ, కార్పెట్ కింద కొట్టడం మర్చిపోయినారు."

"మరి మీటర్ ముప్పై వేలే చూపిస్తాంది?"

"బ్రేక్ పెడల్ చూడండి, రబ్బరు అరిగి నున్నగైంది. మీటర్‌ను వెనక్కి తిప్పొచ్చు. పాదాలు తొక్కిన తొక్కుడును తిప్పలేరు కదా."

నందిని వంగి చూసింది. వంగినప్పుడు జడ ముందుకు జారి అతని చేతికి తగిలింది. అప్పటిదాకా చకచకా పాఠం చెప్పినవాడికి ఆ తర్వాతి మాట గుర్తుకు రాలేదు.

రెండో ఆదివారం హిందూపురంలో చూసిన కారులో మోసాన్ని నందినే పట్టుకుంది. ఉదయ్ ఇచ్చిన చిన్న అయస్కాంతాన్ని తలుపుల మీద ఆనిస్తూ పోతే, ఎడమవైపు వెనక తలుపు మీద నిలవకుండా జారిపోయింది.

"ఈడ రేకు లేదు, మందంగా పుట్టీ ఉండాది. గుద్దుకున్న బండి నాయనా" అని అరిచి, ఉదయ్ వైపు తిరిగింది. "నాకు ఉద్యోగమిస్తావా?"

మీరు కాస్తా నువ్వు అయింది. ఇద్దరూ గమనించారు, ఇద్దరూ గమనించనట్టు ఉన్నారు.

తిరుగుదారిలో వాన పడింది. అనంతపురం వాన సంగతి తెలిసిందే, వచ్చినట్టే వచ్చి మొహం చాటేస్తుంది. కానీ ఆ రోజు నిజంగానే కురిసింది. తిమ్మప్ప జీపు ఆపి రోడ్డు మీద నిలబడి, తడుస్తూ చేల వైపు చూడసాగాడు. నందిని, ఉదయ్ టీ బంకు రేకుల కింద నిలుచున్నారు.

"వచ్చే వారం మంచి కారు దొరికితే?" అంది నందిని.

"దొరికితే మంచిదే కదా."

"మంచిదే."

ఆ మాట అంత దిగులుగా అనడం ఉదయ్ అంతకుముందు వినలేదు. కారు దొరికితే ఇక ఈ ఆదివారాలు ఉండవు. మగ్గాల ఇంటి మెకానిక్‌కు తిమ్మప్ప గడప తొక్కే పని ఏముంటుంది? నువ్వంటే ఇష్టమని చెప్పడానికి నోరు తెరిచాడు. ఇంతలో వాన ఆగిపోయింది, తిమ్మప్ప హారన్ కొట్టాడు.

మూడో ఆదివారం తాడిపత్రిలో దొరికింది. ఒక గ్రానైట్ వ్యాపారి కారు. బానెట్ చల్లగా ఉంది. స్టార్ట్ చేస్తే పొగ లేదు. కాగితాలు, ఇంజన్ నంబరు, టైర్లు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. తిమ్మప్పను పక్కన, నందినిని వెనక కూర్చోబెట్టుకుని ఉదయ్ రోడ్డు మీదికి తీశాడు. గేర్లు వెన్నలా మారుతున్నాయి, గుంతల్లో దిగినా ఒంటికి తెలియడం లేదు. ఇలాంటి బండి అతను జీవితంలో రెండోది చూడలేదు. అద్దంలోకి చూస్తే నందిని అతన్నే చూస్తోంది.

వెనక్కి తెచ్చి ఆపాడు.

"గేర్‌బాక్సులో చిన్న కుదుపుండాది సార్. ముందు ముందు పెద్ద ఖర్చవుతాది. ఒక్క వారం ఆగుదాం."

"నాకేం తెలీలేదే?"

"అలవాటైన చేతికి తెలుస్తాది సార్."

తిమ్మప్ప దిగి కారు మీద చెయ్యి వేశాడు. "ఇంట్లో ఏం చెప్పేదిరా దేవుడా" అని గొణుక్కున్నాడు. "సరేలే. నువ్వు వద్దంటే వద్దు." వెనక సీట్లో నందిని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

గురువారం రాయదుర్గంలో నందిని అవ్వ చనిపోయింది.

తిమ్మప్ప, నందిని జీపులో వెళ్ళారు. తిమ్మప్ప భార్య సుబ్బరత్నమ్మ వెళ్ళలేకపోయింది. కన్నతల్లి చివరిచూపు దక్కకుండా, ఇంట్లో మంచం మీద బోర్లా పడుకుని ఏడ్చింది.

ఆదివారం పొద్దున ఉదయ్ వాళ్ళింటికి వెళ్ళాడు. తలుపు నందిని తీసింది. మొహం వాచి ఉంది.

"ఒక మాట చెప్పి పోదామని వచ్చినా" అన్నాడు. "ఆ కారులో ఏ కుదుపూ లేదు. నేను అబద్ధం చెప్పినా. నీతో ఇంకో ఆదివారం దొరుకుతాదని."

"తెలుసు."

ఉదయ్‌కు అర్థం కాలేదు.

"నువ్వే నేర్పిస్తివి కదా అన్నీ. వెనక కూర్చున్నా, ఒక్క కుదుపు రాలేదు. అబద్ధమని అప్పుడే తెలిసింది నాకు. నాయనకు చెప్పకుండా నోరు మూసుకోని కూర్చున్నా. నాకూ ఇంకో ఆదివారం కావాల్సొచ్చింది." ఆమె తలుపు రెక్క పట్టుకుంది. "నీకు మా అవ్వ ఎవరు? నాకు అవ్వ కదా."

ఇద్దరూ లోపలికి వెళ్ళి సుబ్బరత్నమ్మకు చెప్పారు. నందిని సగం చెప్పి ఆగిపోతే మిగతా సగం ఉదయ్ చెప్పాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. గోడకేసి చూస్తూనే అడిగింది.

"ఆ కారు ఇంకా ఆడే ఉండాదా?"

"ఉండాదమ్మా."

"తెప్పించు. దినాలకన్నా పోతాను. ఆయనకు మాత్రం ఇది చెప్పొద్దండి. మిమ్మల్ని బతకనీడు."

గేర్‌బాక్సు బాగుచేయించానని ఉదయ్ తిమ్మప్పతో రెండో అబద్ధం ఆడాడు. "నీ మేలు మర్చిపోనప్పా" అన్నాడాయన. ఆ మాట కంటే చెంపదెబ్బ నయమనిపించింది ఉదయ్‌కు.

పదోనాడు తిమ్మప్ప సామాన్లతో జీపులో ముందు వెళ్ళాడు. కారు ఉదయ్ నడిపాడు. పక్కన సీటు వెనక్కి వాల్చి సుబ్బరత్నమ్మ, వెనక నందిని. కళ్యాణదుర్గం దాటాక రోడ్డు రోడ్డులా లేదు.

"గుంతలు అయిపోయినాయా?" అని అడిగింది సుబ్బరత్నమ్మ.

"లేదమ్మా. గుంతల్లోనే పోతాండాం."

"నాకేమీ తెలీడం లేదే."

ఆ తర్వాత రాయదుర్గం దాకా ఆమె కళ్ళు మూసుకునే ఉంది. మూసిన కళ్ళ కింది నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అవ్వ ఇంటి ముందు కారు ఆగగానే, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనంతట తానే దిగి లోపలికి నడిచింది. ఆ నడక చూసి ఉదయ్ స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

నందిని అతని తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆ దినం టీ బంకు కాడ నువ్వు ఏదో చెప్పబోయినావు. ఏమది?"

"నువ్వంటే ఇష్టమని."

"నేనూ అదే చెప్పాలనుకున్నా. ఇద్దరిలో ఒకరు నోరు తెరిచుంటే నీకు అబద్ధం అవసరం పడుండేది కాదు. మా అమ్మ వాళ్ళమ్మను చూసుండేది." చున్నీతో మొహం తుడుచుకుంది. "నువ్వంటే నాకు చాలా ఇష్టం ఉదయ్. ఇప్పుడు చెప్పేసినా. ఇంక మా ఇంటికి రావద్దు."

లోపల సుబ్బరత్నమ్మ తల్లి మంచం పట్టుకుని గొంతెత్తి ఏడవడం వినిపించింది. నందిని లోపలికి పరుగెత్తింది. ఉదయ్ తాళంచెవులు అరుగు మీద పెట్టి, అనంతపురం బస్సు కోసం స్టాండు వైపు నడిచాడు.