రెండో గుండె

"ఊపిరి వదలండి. ముందుకు రండి," అంది ఇందుమతి సరిహద్దు తనిఖీ బల్ల వెనకనుంచి, పొద్దుటినుంచి అందరికీ చెబుతున్నట్టే.

ఎదుట నిలబడ్డ ముసలామె ఊపిరి వదిలింది. ప్రాణాల్ని లెక్కపెట్టే యంత్రం, జీవజల్లెడ, మీద పచ్చదీపం బదులు పసుపుది వెలిగింది. యాత్రికులు: ఒకరు. గుండెలు: రెండు.

"పైడమ్మగారూ, ఒంటిమీద ఏం దాచారు?"

"ఏటీ నేదమ్మా," అందామె. ఇందుమతి చూపుకి నిలవలేక జాకెట్టులోంచి చిన్న గుడ్డమూట తీసి బల్లమీద పెట్టింది. లోపల కోడిగుడ్డు. దాని మీద సన్నటి బీట. "మా దీవి మునిగిపోనాది తల్లీ. ఇదొక్కటే మిగిలింది. సూడు, లోపల్నుంచి పొడుస్తంది."

పక్షిజ్వరం ఈ దేశంలో రెక్కలన్నిటినీ ఊడ్చేసి ఒక తరం గడిచింది. జ్వరం పోయింది కానీ అప్పటి చట్టం పోలేదు: ఏ యాత్రికుడూ పక్షిని తీసుకురాకూడదు. జల్లెడ గుడ్డును పరీక్షించి రోగం లేదని తేల్చింది. అయినా బల్ల పక్కన, పట్టుబడ్డవాటిని కాల్చేసే దహనగూడు మూత తెరుచుకుంది.

ఇందుమతి గుడ్డును చేతిలోకి తీసుకుంది. వెచ్చగా ఉంది. పెంకు కింద ఏదో కదిలింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె పిట్టను చూసిందే లేదు.

బల్ల మధ్యలో ఎర్రగీత ఉంది. గీతకి ఇవతల దేశం. చట్టం చెప్పింది యాత్రికుల గురించి. ఇందుమతి యాత్రికురాలు కాదు. గుడ్డును గీత దాటించి తన ఒడిలో పెట్టుకుంది. దహనగూడు ఎర్రగా మెరుస్తూ అరిచింది. ఆమె లేవలేదు. వరసలో గొణుగుడు మొదలై, మెల్లగా ఆగిపోయింది. అందరూ మునివేళ్లమీద లేచి చూస్తున్నారు.

పెంకు విడిపోయింది. తడిసిన ముద్దలాంటి పిల్ల తల ఎత్తి "కీచ్" మంది.

"తీసుకొచ్చినవారు?" అని అడిగింది యంత్రం.

"ఎవరూ లేరు. ఇక్కడే పుట్టింది."

ఈ గడ్డమీద పుట్టినదాన్ని వెళ్లగొట్టే నియమం యంత్రానికి ఎవరూ నేర్పలేదు. చాలాసేపు వెతుక్కుంది. ఆఖరికి దహనగూడు మూత పడింది. పచ్చదీపం వెలిగింది.

హాలంతా చప్పట్లు. పైడమ్మ ఏడుస్తూ నవ్వుతూ గీత దాటి, పిల్లను కొంగులో చుట్టుకుంది.

ఇందుమతి చెమ్మగిల్లిన కళ్లు తుడుచుకుని, "తర్వాతవారు రండి," అంది.

వెనకున్న పెద్దాయన ముందుకొచ్చి, అటూ ఇటూ చూసి, శాలువా విప్పాడు.

"అమ్మా, మావి బాతులు. కాస్త కూర్చోనిస్తే ఇవీ పగిలేలా ఉన్నాయి."