వేరే బాండ్లి

"ఇంకొంచెం క్యాబేజీ వెయ్యండి" అని ఆ అమ్మాయి మళ్ళీ అడిగేసరికి మంజునాథ నోరు ఊరుకోలేదు.

"మేడమ్, తప్పనుకోవద్దండి. మీరు కట్సు తినేకి వచ్చినారా, క్యాబేజీ తోట మేసేకి వచ్చినారా?"

అమ్మాయి చేతిలోని చాప్‌స్టిక్ పుల్లలు కింద పెట్టింది. "మీ మెనూలో ఏం రాసినారు? క్యాబేజీ ఎంతైనా ఫ్రీ అని రాసినారా లేదా?"

"రాసినాము."

"అయితే వెయ్యండి. మేకలకు కూడా చదువొచ్చు."

ఎదురుగా కూర్చున్న జపాన్ ఆయన ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, ఏమిటని అడిగాడు. ఆమె జపనీస్‌లో గడగడా చెప్పింది. ఆయన పగలబడి నవ్వాడు. మంజునాథకు వచ్చిన వంటింటి జపనీస్‌కు అందులో 'మేక' అన్న మాట ఒక్కటే అర్థమైంది. అతను గిన్నెడు క్యాబేజీ తెచ్చి ఆమె ముందు పెట్టి, లోపలికి తప్పుకున్నాడు.

చిక్కబళ్ళాపురం దాటి బెంగళూరు వైపు పోతే, హైవే పక్కన ఉంటుంది 'నంది కట్సు'. ఆరు బల్లల చిన్న అంగడి. బోర్డు మీద గులాబిరంగు పంది ఒకటి నవ్వుతూ ఉంటుంది. మందపాటి పంది మాంసం ముక్కకు ఉప్పు, మిరియాలు పట్టించి, మైదా, గుడ్డు, బ్రెడ్డు పొడి అద్ది నూనెలో వేయిస్తే అది టొంకట్సు. దాంతో వేడి అన్నం, సన్నగా తరిగిన క్యాబేజీ, ఓ గిన్నె సూపు. నంది కొండ మీద సూర్యోదయం చూసి దిగే జపాన్ వాళ్ళకు కడుపులో ఎలుకలు పరుగెడుతుంటాయని కనిపెట్టినవాడు పాతపాళ్య రైతు తిమ్మరాయప్ప కొడుకు మంజునాథ. బెంగళూరులో ఒక జపాన్ హోటల్లో గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి కట్సు దాకా నేర్చుకున్నాడు. చెయ్యి మంచిది, మనసు మంచిది. నోటి సంగతి మీరే చూశారు.

ఆ అమ్మాయి పేరు నమ్రత. పేరు పెట్టినవాళ్ళు తొందరపడ్డారని మంజునాథ అభిప్రాయం. చింతామణిలో నూనె వ్యాపారం చేసేవాళ్ళ పిల్ల. వాళ్ళింట్లో కోడిగుడ్డు మాట కూడా ఎత్తరు. జపనీస్ నేర్చుకుని దగ్గర్లోని ఒక కంపెనీలో ఇంటర్‌ప్రెటర్‌గా చేస్తోంది. ఆమె బాసు మోరితా శనివారం ఫ్యాక్టరీ పని అయిపోగానే కట్సు కోసం ఇక్కడ ఆగుతాడు. ఆమె కూడా ఆగక తప్పదు. సూపులో చేప, పైపూతలో గుడ్డు, లోపల పంది. ఇక ఆమెకు మిగిలేది అన్నమూ క్యాబేజీయే.

ఈ సంగతి వెళ్ళేటప్పుడు మోరితా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ పూట మంజునాథకు తిండి సయించలేదు. ఆకలితో కూర్చున్న మనిషిని పట్టుకుని మేసేకి వచ్చినారా అన్నందుకు తనను తాను తిట్టుకున్నాడు.

మరుసటి శనివారం వాన. మబ్బులో మునిగిపోయి నంది కొండ అసలు ఉందో లేదో తెలియడం లేదు. నమ్రత తడిసిన చున్నీ పిండుకుంటూ వచ్చి కూర్చుందో లేదో, ఆమె ముందుకు ఒక ప్లేటు వచ్చింది. బంగారు రంగులో కరకరలాడే ముక్కలు.

"ఏమిది?"

"కందగడ్డ కట్సు. గుడ్డు లేదు, మైదా నీళ్ళలో ముంచినా. గొంతు దురద పెట్టకుండా చింతపండు నీళ్ళలో ఉడికించినా. సారీ అని నోటితో చెప్పేకి సిగ్గయితాండాది, అందుకే ఇట్ల."

"నోరు అంత పెద్దదిగా ఉండాది, సిగ్గు కూడా ఉండాదా?"

"రవ్వంత ఉండాది మేడమ్."

నమ్రత నవ్వింది. నవ్వినప్పుడు ఆమె ఎడమ కన్ను కుడికన్ను కంటే ముందు మూసుకుంటుందని మంజునాథ కనిపెట్టాడు. వంటవాడికి ఇలాంటివి కనిపెట్టే పని లేదు, అయినా కనిపెట్టాడు. ఆమె ఒక ముక్క ఎత్తి నోటి దాకా తీసుకుపోయి ఆగింది.

"నూనె వేరే కదా?"

ఒక్క 'ఊఁ' అంటే చాలు. ఆమె నమ్మడానికి సిద్ధంగానే ఉంది, ఆకలి మీద కూడా ఉంది. మంజునాథ చెయ్యి చాచి ప్లేటు వెనక్కి లాక్కున్నాడు.

"కాదు. పంది వేయించిన నూనే. నాకు తట్టనే లేదు. తినొద్దండి."

ఆ పూట కూడా ఆమె క్యాబేజీయే తింది. వెళ్ళేటప్పుడు గడప దగ్గర ఆగి, "మీరు అవునంటే నాకు తెలిసేదే కాదు" అంది.

"అందుకే కదా చెప్పల్ల!" అన్నాడతను.

చింతామణి చేరేదాకా కారు అద్దం మీద వాన పడుతూనే ఉంది, ఆ మాట ఆమె చెవిలో మోగుతూనే ఉంది. నమ్రతకు అతని మీద ఇష్టం పుట్టింది అప్పుడే. ఒప్పుకోవడానికి మాత్రం ఆమెకు బోలెడు శనివారాలు పట్టాయి.

తర్వాతి వారానికి వంటింట్లో ఒక మూల కొత్త పొయ్యి, కొత్త బాండ్లి, కొత్త జల్లిగరిటె, కొత్త కత్తిపీట వెలిశాయి. పాతపాళ్య నుంచి మంజునాథ తల్లి సుజాతమ్మ వచ్చి ఆ బాండ్లికి పసుపు పూసి బొట్టు పెడుతోంది.

"ఎవరికమ్మా ఇంత మర్యాద?" అని అడిగింది నమ్రత, లోపలికి తొంగిచూస్తూ.

"ఎవరో పంది తినని పిల్ల వస్తాదంటమ్మా, ఆయమ్మ కోసరమంట. వీనికి పెండ్లి చేసుకోరా అంటే వినడు. ఇంట్లోకి ఒక చెంబు కూడా కొన్న పాపాన పోలేదు. ఇప్పుడు చూడు, బాండ్లి కొన్నాడు!"

నమ్రత ముఖం చూసి సుజాతమ్మ నాలుక కరుచుకుంది. ఆ తర్వాత ఆ ఇద్దరూ వంటింటి గడపలో కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. బయట మోరితాకు వడ్డిస్తున్న మంజునాథకు ఒక్క ముక్కా వినపడలేదు. గడపలోంచి నవ్వులు వినిపించినప్పుడల్లా అతను సూపు ఒలకబోశాడు.

కందగడ్డ కట్సు మొదటి ముక్క కొరికినప్పుడు నమ్రత కళ్ళు మూసుకుంది. ఆమెకు ఏడుపు వచ్చినంత పనైంది. కాలేజీ రోజుల నుంచి ఎక్కడికి పోయినా 'నాకేం పర్లేదు, అన్నం చాలు' అని సర్దుకోవడం ఆమెకు అలవాటు. ఇంటి బయట తన కోసం ఒకరు వేరే పొయ్యి వెలిగించడం ఇదే మొదలు.

"బాగుండాదా?" అన్నాడు మంజునాథ.

"నోరు మూసుకో. తింటాండా."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది అలాగన్నమాట.

ఆ తర్వాత మోరితా లేని రోజుల్లో కూడా ఆమెకు నంది వైపు పనులు పడసాగాయి. ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు, కట్సుకు నంజుకునే ఆవాల పచ్చడిలో కారం గురించి, వానలో బండి నడపడం గురించి, ఎవరు ముందు ఫోన్ చెయ్యాలన్నదాని గురించి. ప్రేమ అన్న మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తితే తర్వాత ఇంటి మాట ఎత్తాలి.

ఇంట్లో నమ్రత చెప్పింది 'కట్లెట్ అంగడి' అని. జపాన్ వాళ్ళ కట్సు అన్న మాట కట్లెట్ నుంచే పుట్టింది కాబట్టి అది అబద్ధం కాదని తనకు తాను నచ్చజెప్పుకుంది. ఇంటర్‌ప్రెటర్లకు ఈ సౌకర్యం ఉంది.

"నిజం చెప్పేయ్ నమ్రతా" అన్నాడు మంజునాథ ఒకరోజు.

"చెప్తే మా నాన్న నన్ను ఇంక ఈ పక్క రానియ్యడు. నీకది కావల్లనా?"

అతనికది అక్కర్లేదు. అందుకే ఊరుకున్నాడు. ఊరుకున్నందుకు రోజూ బాధపడ్డాడు.

ఒక సోమవారం మధ్యాహ్నం అంగడి ముందు ఒక కారు ఆగింది. నుదుటి మీద విభూతి ఆరని పెద్దమనిషి ఒకాయన దిగి, వెనక డోరు తీసి ముసలావిడను దింపాడు. భోగనందీశ్వరుని దర్శనం చేసుకుని వస్తున్నారు.

"మా పాప నమ్రత చెప్పిన కట్లెట్ అంగడి ఇదేనమ్మా" అన్నాడాయన.

ఆయన నమ్రత తండ్రి వాసుదేవ, ఆవిడ అవ్వ గిరిజమ్మ.

గిరిజమ్మ తలెత్తి బోర్డు చూసింది. గులాబిరంగు పందిని చూసి భక్తిగా చేతులు జోడించింది. "వరాహస్వామి! చూసినావా వాసూ, దేవుని పటం పెట్టుకొని యాపారం చేస్తాండాడు. మంచి పిల్లోడే."

"ఏమప్పా, నీ కట్లెట్ గురించి మా పాప శానా చెప్పింది" అన్నాడు వాసుదేవ కూర్చుంటూ. "రెండు ప్లేట్లు తీసుకురా. బీట్రూటుదా, ఆలుగడ్డదా?"

మూలన కొత్త బాండ్లి ఉంది. కందగడ్డ ఉడికించి ఉంది. మాట్లాడకుండా వేయించి పెడితే తింటారు, మెచ్చుకుంటారు, పోతారు. శనివారాలు అలాగే సాగుతాయి. నోరు తెరిస్తే నమ్రత ఇక రాదు. మంజునాథ చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"అవ్వా, అది వరాహస్వామి కాదు. ఉత్త పంది. నేను చేసేది పంది కట్లెట్. మీకు కందగడ్డతో చేసిస్తా, బాండ్లి వేరే, నూనె వేరే. అయినా మీరు తెలిసి తినల్ల."

వాసుదేవ కుర్చీ వెనక్కి పడింది. "పందా? మా పాప ఇన్ని దినాలూ ఈడికి వస్తాండేది?"

"ఆమె పంది ముట్టలేదప్పా. అన్నం, క్యాబేజీ, కందగడ్డ, అంతే."

"లేమ్మా, పోదాం!"

"నేను లేయను" అంది గిరిజమ్మ. "పొద్దున్నుంచి ఒక్క పొద్దు ఉండాను. ఆకలైతాండాది. చెయ్యప్పా నువ్వు, ఆ కందగడ్డది."

వాసుదేవ విసురుగా బయటికి పోయి కూతురికి ఫోన్ చేసి కేకలు వేశాడు. ఇంతలో వాన దబదబా కురిసింది. ఎంత కోపమున్నా తడుస్తూ నిలబడటం కష్టం. లోపలికొచ్చాడు. కూర్చోవడానికి మనసొప్పక నేరుగా వంటింట్లోకి నడిచి కొత్త బాండ్లి మీదికి వంగాడు. నూనె వ్యాపారి ముక్కు అది. గరిటె నుంచి ఒక చుక్క వేళ్ళ మధ్య రుద్ది చూసుకున్నాడు.

"శెనిక్కాయ నూనె. దీంట్లో గడ్డ తప్ప ఇంకోటి వేగలేదు" అని గొణిగాడు. మళ్ళీ కోపం గుర్తొచ్చింది. "నూనె వేరే అయితే సరిపోయిందా? పంది పట్టిన చెయ్యి కదా? రేపు ఈ చేత్తోనే మా ఇంట్లో..."

"అప్పుడే ఇంటి దాకా పిల్చుకొచ్చినావే, వాసూ!" అంది బయటి నుంచి గిరిజమ్మ.

ఆ క్షణంలోనే నమ్రత కంపెనీ నుంచి పరుగెత్తుకుని, నిలువునా తడిసి, రొప్పుతూ వచ్చింది.

"ఈయప్ప నీకేమైతాడు?" అన్నాడు తండ్రి.

నమ్రత మంజునాథ వైపు చూసింది. "ఇంకా ఏమీ కాలేదు నాన్నా. కావల్లని ఉండాది. అబద్ధం చెప్పింది నేను, ఆయన్నేం అనొద్దు."

జల్లిగరిటె నేల మీద పడి ఖణేల్మంది. "నాకూ ఉండాది" అన్నాడు మంజునాథ, వంగి దాన్ని వెతుక్కుంటూ. జీవితంలో అంతకన్నా పెద్ద మాట అతను ఎప్పుడూ అనలేదు, అది కూడా బల్ల కింది నుంచి అన్నాడు.

గిరిజమ్మ అప్పటికే తన ముందుకు వచ్చిన కందగడ్డ ముక్క నిదానంగా నమిలింది. "ఏమప్పా, నువ్వు తింటావా, ఆ పంది?"

"రుచి చూడకుండా ఎట్ల వండేదవ్వా? తింటా."

"విన్నావామ్మా?" అన్నాడు వాసుదేవ.

"విన్యా. మీ నాయన కూడా తినేవాడు."

వాసుదేవ గిర్రున తల్లి వైపు తిరిగాడు.

"పంది కాదులే, కోడి. బెంగళూరికి సరుకు కోసరం పోయినప్పుడంతా మాంసం వండే మిలిటరీ హోటల్. ఇంటికొచ్చేటప్పుడు నోట్లో ఇంత వక్కాకు దట్టించుకొని, గుడిలో ప్రసాదం తిన్యా అనేవాడు. నాకు ముక్కు లేదా? తిన్యాడని కాదురా నేను ఏడ్చింది. నన్ను ఎర్రిదాన్ని చేసినాడని. ఒక్క తూరి నిజం చెప్పింటే, నేనే పెరట్లో వేరే పొయ్యి పెట్టించేదాన్ని. చెప్పకుండానే పాయ." అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఈ పిల్లోడు నేను అడక్కముందే చెప్పినాడు. చెప్తే పిల్ల దక్కదని తెలిసి కూడా చెప్పినాడు. నా మనవరాలికి ఇంతకన్నా ఏం కావల్లరా?"

వాసుదేవ వంటింట్లోంచి వచ్చి, పడిపోయిన కుర్చీని నిలబెట్టి మెల్లగా కూర్చున్నాడు. తండ్రి ఫోటోకు రోజూ పూలు పెట్టే మనిషి.

"అయినా మా వాళ్ళు ఏమంటారో..." అని మొదలుపెట్టాడు.

"ముందు తిను. చల్లారితే మెత్తబడతాది" అంది తల్లి.

ఆయన తిన్నాడు. ఒక ముక్క తిన్నాడు, ఇంకో ముక్క తిన్నాడు, ప్లేటు ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి ఫోన్ తీశాడు.

"మీ నాయన నంబరు చెప్పప్పా."

మంజునాథకు అంకెలన్నీ కలగాపులగమై ఒక్కటీ గుర్తు రాలేదు. పక్క నుంచి నమ్రత గడగడా చెప్పేసింది. తండ్రి ఆమె వైపు చూశాడు.

"బాండ్లికి పసుపు పూసినందుకు వాళ్ళమ్మకు థాంక్స్ చెప్పేకి ఆ నంబరుకే ఒకసారి ఫోన్ చేసినా నాన్నా" అందామె తలొంచుకుని.

"ఒకసారికే నోటికొచ్చేసిందా?"

వాసుదేవ నంబరు నొక్కాడు. ఫోన్ మోగింది. అవతల తిమ్మరాయప్ప గొంతు గట్టిగా వినిపించింది. "హలో, ఎవరప్పా?"

వాసుదేవ నిటారుగా నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"నమస్కారమప్పా. నేను చింతామణి నుంచి వాసుదేవ. మీకు నేను తెలియదు. ఉపవాసం ఉన్న మా అమ్మకు మీ కొడుకు కడుపునిండా పెట్టినాడు. ఆ మాట మీతో చెప్దామని చేసినా." కూతురి వైపు ఒకసారి, మంజునాథ వైపు ఒకసారి చూశాడు. "ఆదివారం మీరిద్దరూ మా ఇంటికి భోజనానికి రావల్ల. పిల్లోన్ని కూడా పిల్చుకొని రండి."