ఖాళీలు పూరించే బంకు

యూటా దాటి నెవాడాలోకి దిగే ఒక పాత రోడ్డు మీద, చుట్టూ మైళ్ళకొద్దీ ఎడారి తప్ప ఏమీ లేనిచోట, మూతబడిన గ్యాస్ స్టేషన్ ఒకటి ఉంది. బోర్డు మీద అక్షరాలు ఒక్కొక్కటే రాలిపోయి చివరి ‘ఎస్’ మాత్రం మిగిలింది. అందుకని మనవాళ్ళు దాన్ని ఎస్ బంకు అంటారు. అమెరికా వచ్చి ఎన్నేళ్ళయినా పెట్రోలు పోసేచోటు మనకి బంకే కదా!

ఆ బంకుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ ఆగకూడదంటారు. ఆగినా మాట్లాడకూడదు. మాట్లాడినా... మాట సగంలో వదిలెయ్యకూడదు. వదిలేస్తే మిగతా సగం ఇంకెవరో పూర్తి చేస్తారట.

సియాటిల్ పక్కన బాతెల్‌లో ఉండే జగదీష్ ఒకసారి తెలియక అక్కడ కారాపాడు. ఫోన్‌లో భార్యతో మాట్లాడుతూ, "భయమెందుకు మీనా, ఇక్కడెవరూ లే—" అంటుండగా సిగ్నల్ పోయింది. వాడు ఫోన్ కేసి చూసుకుంటున్నాడు. అప్పుడు వెనకనుంచి, సరిగ్గా చెవి దగ్గర, మెల్లగా...

"—రనుకున్నావా?"

జగదీష్ మళ్ళీ లాస్ వేగస్ దీపాలు కనిపించేదాకా బ్రేక్ మీద కాలు పెట్టలేదు. దారిలో పోలీసు ఆపితే, మనిషి మొహం చూసిన ఆనందంలో ఆయన్ని కావలించుకోబోయాడట. దెయ్యం కన్నా అది ప్రమాదమని వాడికి తరవాత తెలిసింది.

అమెరికా దెయ్యానికి తెలుగెలా వచ్చిందని అడుగుతారు కొందరు. లాంగ్ వీకెండ్ వస్తే ఆ దారిన పోయే కార్లలో సగం మనవే. మనవాళ్ళు కారు దిగితే గొంతు తగ్గించి మాట్లాడతారా? పాపం, వినీ వినీ వచ్చేసి ఉంటుంది.

ఈ కథని జగదీష్ నోటివెంట విని, పైకి పకపకా నవ్వి, ఆ రాత్రి లైటు వేసుకుని పడుకున్నవాడు శశికాంత్. మిషిగన్‌లో నోవై అనే ఊళ్ళో కార్ల కంపెనీలో ఇంజినీరు. షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉద్యోగం చేసే అనుష్కని ప్రేమించాడు. అనుష్కకీ ఇష్టమే. చిక్కంతా ఆవిడ తండ్రితోనే.

"నాన్న ఓకే అంటేనే పెళ్ళి శశీ. ఆయన్ని హర్ట్ చేసి నేను పీటల మీద కూర్చోలేను," అని అనుష్క తేల్చి చెప్పేసింది. "అమ్మానాన్నా వచ్చారు కదా, ఎక్కడికైనా ట్రిప్ ప్లాన్ చెయ్యి. తిరిగొచ్చేలోపు కన్విన్స్ చెయ్యి."

అలా 2012 వేసవిలో శశికాంత్ ఒక పెద్ద కారు రెంట్‌కి తీసుకుని, ఆరిజోనా, యూటా, నెవాడా — మూడు ఎడారి రాష్ట్రాల్లో చూసి తీరాల్సినవన్నీ చూపిస్తానని బయల్దేరదీశాడు. పక్క సీట్లో కాబోయే మామగారు పద్మనాభం. వెనక సీట్లో అనుష్క, తల్లి ధనమ్మ, వాళ్ళిద్దరి మధ్య పులిహోర డబ్బా.

పద్మనాభం తెనాలిలో ముప్ఫయ్యేళ్ళు హైస్కూలు పిల్లలకి సైన్సు చెప్పి రిటైరైనవాడు. పైగా హేతువాది. ఊరూరా తిరిగి నిప్పుల మీద నడిచి చూపించి, దెయ్యాల్లేవు, బాణామతి లేదు అని మైకు పగిలేలా చెప్పినవాడు. అంతవరకూ బాగానే ఉంది. పాఠం చెప్పి చెప్పి ఆయనకో అలవాటు ఎముకల్లోకి దిగిపోయింది. సగం మాటలు పూర్తిగా అనడు. చివర తోక వదిలేస్తాడు. ఎదుటివాళ్ళు అందుకోవాలి.

"భూమి సూర్యుడి చుట్టూ తిరు...?" అంటే క్లాసంతా "గుతుందీ!" అనాలి. ఇంట్లోనూ అదే పాఠం. "ధనమ్మా, కాఫీ పె...?" అంటే వంటింట్లోంచి "ట్టానండీ" అని వినిపించాలి. మన మాస్టార్లందరూ ఇంతే. మనం వాళ్ళని బళ్ళో వదిలేసి వచ్చాం, శశికాంత్ కారెక్కించుకున్నాడు.

మొదటి దెబ్బ గ్రాండ్ కాన్యన్ దగ్గరే తగిలింది. లక్షలమంది నోరు వెళ్ళబెట్టి చూసే ఆ లోయని పద్మనాభం చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూశాడు. "మా గండికోట కూడా ఇలాగే ఉంటుంది. సరే, ఇంత లోయ పడటానికి కారణం నది కో...?"

"పం అండి!" అన్నాడు శశికాంత్.

"కోపమా? కోతయ్యా, కోత! నదికి కోపమేమిటి?" అని మాస్టారు తల కొట్టుకున్నాడు. అనుష్క అటు తిరిగి కొండల్ని ఫొటో తీసుకుంది.

హార్స్‌షూ బెండ్ చూసి ధనమ్మ, "మా కృష్ణమ్మా ఇలాగే మలుపు తిరుగుతుంది బాబూ, కాకపోతే చూడ్డానికి ఇంత ఎండలో నడిపించదు," అంది. మాన్యుమెంట్ వ్యాలీలో అక్కడి నవాహో తెగవాళ్ళు అమ్మే వేయించిన రొట్టెకి గోంగూర పచ్చడి రాసుకుని తిని మాత్రం చాలా మెచ్చుకుంది. ధనమ్మ ఎప్పుడో మెత్తబడింది. మెత్తబడాల్సిన మనిషి ఇసకరాతి కొండల్లాగే ఉన్నాడు.

అసలు కొంప బ్రైస్ కాన్యన్‌లో మునిగింది. రాత్రి భోజనాల దగ్గర పద్మనాభం యథాలాపంగా అడిగాడు. "అవునూ, నీకు తాగుడు అలవా...?"

"టేనండి!"

మాట నోరు జారాక గాని శశికాంత్‌కి తానేమన్నాడో అర్థం కాలేదు. ఎప్పుడో ఫ్రెండ్స్ బలవంతం మీద ఒక బీరు తాగినవాడు. తోక వదిలితే అందుకోవడం మన చిన్నప్పటి దెబ్బల పుణ్యం, అదలా వచ్చేసింది. ఆ తరవాత ఎంత మొత్తుకున్నా మాస్టారు వినలేదు. "వేగస్‌లో నా నిర్ణయం చెప్తాను," అని కంచం ముందునుంచి లేచాడు. అనుష్క కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ నిర్ణయమేమిటో బల్ల దగ్గర అందరికీ తెలిసిపోయింది.

మర్నాడు సాయంత్రం వేగస్‌కి బయల్దేరారు. జీపీయస్ ఏదో అడ్డదారి చూపించింది. దిగులుగా ఉన్నవాడికి దారేమి పడుతుంది? అది ఎటు తిరగమంటే అటు తిప్పాడు. పొద్దు వాలింది. ఎదురుగా ఒక్క కారు లేదు. రోడ్డు తప్ప అంతా చీకటి...

"బాబూ, కడుపులో తిప్పేస్తోంది. కాస్త ఆపు," అంది ధనమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

కాస్త వెడల్పుగా ఉన్నచోట శశికాంత్ కారు పక్కకి తిప్పాడు. హెడ్‌లైట్లు తుప్పుపట్టిన పంపు మీద పడ్డాయి. తరవాత స్తంభం మీద. తరవాత పైన బోర్డు మీద.

ఒక్కటే అక్షరం.

ఎస్.

శశికాంత్ మెల్లగా పక్కకి చూశాడు. ఈ భూమ్మీద ఆ బంకుకి తీసుకురాకూడని మనిషంటూ ఒకడుంటే, ఆయన పక్క సీట్లో కూర్చుని సీటుబెల్టు ఊడదీసుకుంటున్నాడు. వద్దని చెప్దామంటే, ఎందుకంటాడు. దెయ్యమంటే... తాగుబోతు అన్న బిరుదు పక్కన మూఢుడు అన్నది కూడా చేరుతుంది. నోరు మూసుకుని దిగాడు.

అనుష్క ఫోన్ లైటు వేసి తల్లిని గోడ వెనక్కి తీసుకెళ్ళింది. మగవాళ్ళిద్దరూ పంపు దగ్గర మిగిలారు.

"ఆ లైట్లు ఆపవయ్యా, చుక్కలు చూద్దాం," అన్నాడు పద్మనాభం.

ఆపాడు. కళ్ళు పొడుచుకున్నా కనపడని చీకటి. గాలికి బోర్డు ఊగుతోంది... కీచు... కీచు...

"ఈ బంకు పాడుబ...?"

"డిందండి!" శశికాంత్ ఊపిరి తీసుకోకుండా అందుకున్నాడు.

"ఇక్కడ మనుషులుండ...?"

"రండి!"

"అదిగో, పైన తెల్లగా కనిపించేది పాలపుం...?"

"తండి!"

"పరవాలేదే! ఇవాళ బాగా చెప్తున్నా...?"

"నండి!"

కుర్రాడికి చదువు మీద శ్రద్ధ పుట్టిందనుకున్నాడు మాస్టారు. వాడు ఆయనకి జవాబు చెప్పడంలేదు. తోక కింద పడకముందే లాక్కుంటున్నాడు. ఆ నాలుగో మాటకి మాత్రం రవ్వంత ఆలస్యమైంది. ఆ రవ్వంతలోనే పంపు వెనకనుంచి ఒక చప్పుడు వినిపించింది... ఎవరో ఊపిరి పీల్చుకున్నట్టు. మాట అనబోయేముందు పీల్చుకునే ఊపిరి.

శశికాంత్ చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"వేగస్ దాకా ఎందుకు, ఇక్కడే చెప్పేస్తాను," అని గొంతు సవరించుకున్నాడు పద్మనాభం. "ఆడవాళ్ళ ఎదుట నీకూ ఇబ్బందే. నువ్వు చెడ్డవాడివని అనను. ఒళ్ళు దాచుకోకుండా తిప్పావు, అదీ చూశాను. కాని బాగా ఆలోచించాను శశికాంత్. మా అమ్మాయిని నీకు ఇవ్వ..."

ఆగాడు. అలవాటు కొద్దీ తోక వదిలాడు.

ఆ తోక ఏమిటో శశికాంత్‌కి తెలుసు. ఒక్క అక్షరం. ‘ను’. ఆ ఒక్కటి తన నోటితో అంటే తన పెళ్ళి తనే చెడగొట్టుకున్నవాడవుతాడు. అనకపోతే... అనడానికి ఇంకొకరు కాచుకుని ఉన్నారు. అనుష్క మొహం కళ్ళముందు మెదిలింది. ఏమైనా కానీ, ఆ అక్షరం మాత్రం నేననను అనుకున్నాడు. పళ్ళు బిగించి కళ్ళు మూసుకున్నాడు.

గాలి ఆగింది. బోర్డు కీచుమనడం ఆగింది.

"...కేం చేస్తానయ్యా!"

బొంగురు గొంతు. కాస్త విసుగు, కాస్త మురిపెం. అచ్చం పెద్దమనిషి గొంతు. పద్మనాభం నిలబడ్డ వైపునుంచే వచ్చింది.

ఇవ్వకేం చేస్తానయ్యా!

శశికాంత్ ఆ కంకర మీదే సాష్టాంగపడి దొరికిన కాళ్ళు పట్టేసుకున్నాడు. "థాంక్స్ అంకుల్... థాంక్స్ మామయ్యగారూ!"

పద్మనాభం నోరు తెరిచాడు. మూశాడు. పంపు వెనక్కి చూశాడు. "పద. కారెక్కు. పద," అన్నాడు. ఆ తరవాత వేగస్ చేరేదాకా ఆయన ఒక్క తోకా వదల్లేదట.

సంగతి తెలిసి ధనమ్మ కడుపులో తిప్పడం మర్చిపోయింది. అనుష్క తండ్రిని వాటేసుకుని ఏడ్చేసింది. చల్లటి గాలిలో ఆయన ఒళ్ళంతా చెమట పట్టి ఉంది. ఒప్పుకోవడానికి నాన్న ఎంత నలిగిపోయారో అనుకుందా పిచ్చిపిల్ల. వేగస్‌లో ఫౌంటెన్లు చూడలేదు, దీపాలు చూడలేదు ఆయన. హోటల్ గదిలో ఒక్కటి మాత్రం పట్టుబట్టాడు, తెల్లవార్లూ లైటు ఆర్పనివ్వలేదు.

పెళ్ళయింది. 2015 చలికాలానికి నోవైలో శశికాంత్ ఇంట్లో పాప కృతి గోడలు పట్టుకుని నడుస్తోంది. మనవరాల్ని చూడ్డానికి పద్మనాభం దంపతులు వచ్చారు. ఒకరోజు బయట మంచు దట్టంగా కురుస్తుంటే అందరూ కాఫీలు పట్టుకుని పాత ట్రిప్ ముచ్చట్లలో పడ్డారు. అల్లుడి హోదా వచ్చాక శశికాంత్‌కి ధైర్యమూ వచ్చింది.

"మీరు నమ్మరనుకోండి మామయ్యగారూ... ఆ రోజు మనం ఆగిన బంకులో దెయ్యముందంటారు. మాట సగంలో ఆపితే అది పూర్తి చేస్తుందట. జగదీష్‌కి ఎక్స్‌పీరియెన్స్ అయింది."

నోటిదాకా వెళ్ళిన కాఫీ గ్లాసు అక్కడే ఆగిపోయింది. పద్మనాభం దాన్ని మెల్లగా బల్లమీద పెట్టాడు.

"ఆ రోజు నేను అనబోయింది... ‘ఇవ్వను’ అని."

"నాన్నా!" అంది అనుష్క.

"మరి ‘కేం చేస్తానయ్యా’ అన్నది మీరే కదా?" అన్నాడు శశికాంత్.

"‘ఇవ్వ’ దగ్గర ఆపాను, అంతే. ఇన్నాళ్ళూ మీ అత్తయ్య అందేమో అని సరిపెట్టుకుంటున్నాను."

"నేనా?" ధనమ్మ లేచి నిలబడింది. "గోడ వెనక పేగులు తెగేలా కక్కుకుంటున్నదాన్ని, సంబంధాలు ఖాయం చేస్తానుటండీ? అయినా అంత బొంగురు గొంతా నాది?"

"అప్పుడే చెప్పొచ్చు కదా నాన్నా!"

"ఏమని చెప్పనమ్మా?" పద్మనాభం తల దించుకున్నాడు. "అన్నది నేను కాదంటే, మరి ఎవరన్నారని అడగరూ? దెయ్యాల్లేవని ఊరూరా మైకు పట్టుకుని అరిచినవాణ్ణి. దెయ్యం మా అమ్మాయి పెళ్ళి కుదిర్చిందని చెప్పుకోనా? దానికన్నా పిల్లనివ్వడమే నయమనిపించింది."

శశికాంత్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తనని మెచ్చి పిల్లనిచ్చాడని ఇన్నేళ్ళు మురిసిపోయాడు! పద్మనాభం చెయ్యి చాపి వాడి భుజం తట్టాడు. "బాధపడకు. నేను పూరించి ఉంటే తప్పయ్యేది. అదే సరిగ్గా పూరించింది."

కిటికీ అవతల మంచు పడుతూనే ఉంది. మాస్టారు గడ్డం నిమురుకుంటూ, ఏదో ఆలోచిస్తూ, అలవాటు కొద్దీ అన్నాడు.

"అయినా... ఆ మాట అన్నది ఎవ...?"

తోక గాలిలో వేలాడింది.

వెనకాల ఎక్కడో... ఎవరో ఊపిరి పీల్చుకున్న చప్పుడు. అది పాపదో కాదో తిరిగి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

"రూ!" అని ముగ్గురూ ఒక్కసారే ఇల్లెగిరిపోయేలా అరిచారు, ఇంకెవరూ అందుకోకముందే.