గీకేసిన ఒక్క మాట

అపొస్తలుడి పత్రికలో ఒక మాటను ఎవరో కత్తితో గీకేశారు. అది ఏ మాటో కెల్మోను రేవుపట్నంలో ఒక్కరూ చెప్పలేకపోయారు!

అది ఆదివారం ఉదయం. ఆ కాలంలో క్రీస్తు విశ్వాసులకు గుడులు లేవు, ఇళ్లలోనే కూడేవారు. సముద్రం నడుమ రాతికోటలో బందీగా ఉన్న ముసలి అపొస్తలుడు, అంటే క్రీస్తు పంపిన దూత, పత్రిక అనే ఉత్తరం పంపితే, ఒక ఊరి సంఘం చదువుకుని, నకలు రాసుకుని, పక్క ఊరికి అందించేది. అలా ఊరూరా సంఘాలు పుట్టాయి.

కెల్మోనులో పత్రిక చదివే పని దమోనుది. అతడు తోలుచుట్ట విప్పి, "మీరందరూ ఒకరికొకరు..." అంటూ ఆగిపోయాడు. "ఇక్కడ మాట లేదు!"

ఆ పత్రికలకు ఒక మహిమ ఉంది. వాటిలో మాట చెరిగితే నకళ్లలోనూ, మనుషుల నోళ్లలోనూ చెరిగిపోతుంది. పోయిన మాట 'తోబుట్టువులు'. శాపం మనదాకా రాలేదు కనుక మీకు చెప్పగలుగుతున్నాను. దాని వెంటే అన్న, తమ్ముడు, అక్క, చెల్లి అన్న పిలుపులూ మాయమయ్యాయి. ఎదురింటి కవలలు, "ఒసేయ్!" "ఎవరే నీకు ఒసేయ్?" అని అప్పుడే జుట్లు పట్టుకున్నారు.

అసలు ముప్పు వేరే ఉంది. ఆ సంఘంలో యజమానులు, బానిసలు ఒకే బల్ల దగ్గర రొట్టె తినేవారు. ఇప్పుడు యజమానులు లేచి నిలబడ్డారు. "వీళ్లు మాకేమవుతారని పక్కన కూర్చోవాలి? బల్లను రెండుగా కోయించండి. వాళ్ల ముక్క వాకిట్లో వేయండి."

సంఘానికి పెద్దదిక్కయిన అగప అవ్వ చెయ్యెత్తింది. "వచ్చే ఆదివారం దాకా ఆగండి. ఆ మాట దొరక్కపోతే రంపం నేనే తెప్పిస్తాను."

గుడారాలు కుట్టే పన్నెండేళ్ల నెరేయ చటుక్కున లేచింది. తల్లీతండ్రీ లేని ఆమెకు అన్నం పెట్టి, సూది పట్టడం నేర్పింది లైకోసు అనే బానిస. సముద్రపు దొంగలు చిన్నప్పుడే ఎత్తుకొచ్చి అమ్మేసిన మనిషి. నిన్నటిదాకా ఆమె అతణ్ని ఏదో పిలుపుతో పిలిచేది. ఇప్పుడది నోటికి రావడం లేదు.

"నిన్ను వాకిట్లో కూర్చోబెడితే నాకు ముద్ద దిగదు," అంటూ లైకోసు ముందే ప్రయాణానికి మూట కట్టుకుంది.

"ఎక్కడికే, సూదిమొనా?" అన్నాడు లైకోసు.

"రాసినాయన దగ్గరికే!"

మూడోనాడు ముళ్లడవిలో తాటిచెట్టంత భూతం దారికి అడ్డంగా కూర్చుంది. "నువ్వు నాకేమవుతావు? చెబితే దారి, చెప్పకపోతే ఫలహారం!"

నెరేయ నోరు తెరిచింది. మాట లేదు. భూతం కప్పుకున్న ఏనుగుతోలు వీపున నిలువునా చిరిగి ఉండటం ఆమె కంట పడింది.

"మాట పోయింది, సూది ఉంది. అటు తిరుగు," అంది. వాన చుక్క దూరకుండా రెండుపేటల కుట్టు వేసింది.

భూతం వీపు తడుముకుంది. "నన్ను చూసి పారిపోయినవాళ్లే గానీ, నా వీపు చిరుగు చూసినవాళ్లు లేరు. ఏమవుతావో తెలియదు గానీ, ఏదో అవుతావు. పో పిల్లా!"

అడవి దాటితే సముద్రం. ఒడ్డున రెండు తలల గండభేరుండం ఒక్క చేప కోసం తనతో తానే పొడుచుకుంటోంది. రెండు తలలూ రక్తం ఓడుతున్నాయి.

"ఆగండి! మీ ఇద్దరికీ కడుపు ఒక్కటే కదా, ఎవరు మింగితేనేం?" అని అరిచింది నెరేయ.

"ఇంతవరకూ ఈ ముక్క ఎవరూ చెప్పలేదే!" అంది ఎడమ తల.

"నేను చెప్పాను, నువ్వు వింటేగా," అంది కుడి తల.

ఆ పక్షే ఆమెను వీపున మోసి రాతికోట కిటికీ దగ్గర దింపింది.

లోపల గొలుసులతో అపొస్తలుడు కూర్చుని ఉన్నాడు. చూపు దాదాపు పోయింది.

"ఆ మాట నా నోటికీ రావడం లేదు తల్లీ. కానీ ప్రతి ఉత్తరం చివర వందనంలో ఆ మాటను నా చేత్తోనే రాస్తాను. నోరు మరిచినా చెయ్యి మరవదు," అని తోలుముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతో ఒక మాట రాశాడు. నెరేయకు చదువు వచ్చు. అయినా అవి పిచ్చిగీతల్లాగే కనిపించాయి.

"గీకినవాడు చదివాకే గీకాడు. కనుక వాడొక్కడికే ఇది కనిపిస్తుంది. వాడి నోటితో చదివిస్తేనే శాపం పోతుంది," అన్నాడు ఆయన.

గండభేరుండమే తిరిగి మోసుకురాగా, ఆదివారం ఉదయానికి నెరేయ కెల్మోను చేరింది. బల్ల పక్కన రంపం సిద్ధంగా ఉంది. ఆమె తోలుముక్కను కావాలనే తలకిందులుగా పట్టుకుని ఒక్కొక్కరికీ అందించింది. అగప అవ్వ ఎలా తీసుకుందో అలాగే చూసి, "గీతలే," అంది. యజమానులూ అంతే. లైకోసూ అంతే.

దమోను అందుకున్నాడు. ఏళ్ల తరబడి పత్రికలు చదివిన చేతులు. తోలును చటుక్కున తిప్పి సరిగ్గా పట్టుకున్నాయి.

"గీతలే," అన్నాడు.

"గీతలైతే తల ఏదో, కాళ్లేవో మీకెలా తెలిసింది దమోను గారూ?"

దమోను లైకోసు వైపు చూసి, ఆ రోజు పత్రికలో ఆపేసిన వాక్యాన్ని గట్టిగా, పూర్తిగా చదివాడు:

"మీరందరూ ఒకరికొకరు తోబుట్టువులు."

"అక్కా!" అంది కవలల్లో ఒకతె. "హమ్మయ్య, ఒప్పుకున్నావు!" అంది రెండోది. నెరేయ "అన్నా!" అంటూ లైకోసును చుట్టేసింది. ఎవరో రంపాన్ని పెరట్లోకి విసిరేశారు.

"ఎందుకిలా చేశావు నాయనా?" అని అడిగింది అగప అవ్వ.

దమోను చదువరి పీట దిగి నేల మీద కూర్చున్నాడు.

"నేనే గీకానవ్వా. లైకోసు, నేను ఒకే తల్లి బిడ్డలం. దొంగలు వచ్చిన రోజు వాడు నన్ను పడవ కింద దాచి, తాను ఎదురెళ్లాడు. ఎన్నో ఏళ్లకు ఈ ఇంట్లో నా కాళ్లు కడగడానికి చెంబుతో నీళ్లు తెచ్చాడు. నేను గుర్తుపట్టాను. నాకు గడ్డం పెరిగింది, పేరు మార్చుకున్నాను, వాడు పోల్చుకోలేదు. బానిస తమ్ముణ్నని తెలిస్తే ఈ పీట పోతుందని నోరు మూసుకున్నాను. కిందటి శనివారం పత్రిక సరిచూసుకుంటూ ఈ మాట దగ్గరికి వచ్చాను. వాడి ముఖం చూస్తూ దీన్ని ఎలా చదవను? ఒక్క మాటే కదా అని గీకేశాను. ఊరంతా మరిచిపోయింది, నేనొక్కణ్నే మరవలేకపోయాను. అన్నా, ఆ చెంబు ఇటివ్వు. ఇవాళ నీ కాళ్లు నేను కడుగుతాను."