నోరు మూసుకోవాల్సిన మలుపు

అపోలో గుడికి పోయే దారిలో సైప్రస్ చెట్ల మలుపు ఉంది చూశారూ, అక్కడ పట్టపగలు కూడా ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే బియోన్ సమాధిలోంచి లేచి పళ్లు రాలగొడతాడని పేరు.

ఎవరీ బియోన్ అంటారా? గొంతున్నవాడు. అదే వాడి తప్పు. మన ఐయోనియా తీరం మొత్తంలో అలాంటి గొంతు లేదనేవారు. అయితే పిల్లలూ, దేవుడి ముందు స్తోత్రం పాడే హక్కు పన్నెండు ఇళ్లవాళ్లది. తండ్రి పోతే కొడుకు. గొంతెలా ఉందని ఎవరూ అడగరు, నాన్నెవరని అడుగుతారు. బియోన్ నాన్న మేకలు కాసేవాడు. పాడతానని వస్తే బియోన్‌ని గుడి గుమ్మంలోంచే గెంటేశారు. ఆ దిగులుతోనే పోయాడు. ఆ మలుపులోనే పాతిపెట్టారు.

మన ఇంట్లో పాటగాళ్ల లారెల్ ఆకుల కిరీటం ఎందుకు లేదని అడిగారుగా... మా మామగారు ఫానోదికోస్ నాకు చెప్పిందే చెబుతున్నా.

ఆయన గొంతు పాత తలుపు కిర్రుమన్నట్టుండేది. ఆ గొంతుకే తండ్రి చోటు దక్కింది! పాట చెడితే చోటు పోతుంది, కొడుక్కీ రాదు. ఊళ్లో పరువూ, పండగనాటి ఎద్దు తొడమాంసమూ కూడా గోవిందా... అనుకోండి. తండ్రి చచ్చేముందు చెవిలో చెప్పాడట — "నోరు కదుపు చాలు. మిగతా పదకొండుమందీ పాడతారు."

పండగ ముందు రాత్రి పన్నెండుమందీ కిరీటాలు పెట్టుకుని, దివిటీలతో బయల్దేరారు. తెల్లారేదాకా దారంతా పాడాలి. పాట లేచింది... తేనె కారినట్టు. మామగారు శ్రద్ధగా నోరు కదిపారు. ఆ గొంతు, అందరికంటే ముందు నడిచే పెద్దాయన లెయోడమాస్‌దని ఆయన లెక్క.

మలుపు వచ్చింది. లెయోడమాస్ చెయ్యెత్తాడు. అందరూ నోళ్లు మూశారు. మామగారు దివిటీ వెలుగులో కలయజూశారు — ఒక్క పెదవీ కదలడం లేదు.

పాట ఆగలేదు.

"లెయోడమాస్ మామా... ఆపరేం?" అన్నారు మామగారు.

"నేనెప్పుడు మొదలుపెట్టాన్రా?" అన్నాడు పెద్దాయన. "ఇరవై ఏళ్లుగా ఊరికే నోరాడిస్తున్నా. పాడేది మీరనుకున్నా!"

"మా నాన్న కదిపితే చాలన్నాడు..." వెనక నుంచి ఒకడు.

"మా నాన్నా అంతే!"

పాట సమాధిలోంచి వస్తోంది. ఏటా ఇక్కడికి రాగానే వాళ్లతోపాటే ఆగేది. ఈ ఏడు బియోన్‌కీ విసుగెత్తినట్టుంది.

లెయోడమాస్ మోకాళ్ల మీద పడ్డాడు. "బాబూ బియోన్, గుడిదాకా రా నాయనా! నీ సమాధి మీద తేనె పోస్తాం, నల్ల గొర్రెను కోస్తాం..."

పాట ఠక్కున ఆగిపోయింది.

చీకటి. చిమ్మటలు కూడా కూయడం లేదు. అక్కడ గుడి ముందు ఊరంతా ఎదురుచూస్తోంది. ఎవరు పాడతారు?

"వాడి పేరు మనలో రాయిస్తామనండి మామా," మామగారు గుసగుసగా అన్నారు.

"మేకలవాడి పేరా? మన పన్నెండు ఇళ్ల సరసనా!"

చూశారా, దెయ్యం గుప్పిట్లో పడ్డా వంశం మాట మానలేదు!

మామగారు తన కిరీటం తీసి సమాధి మీద పెట్టారు. "నా చోటు నువ్వు తీసుకో బియోన్. నాకూ వద్దు, నా కొడుక్కీ వద్దు."

పాట మళ్లీ లేచింది. ఈసారి — వాళ్ల వెనక, నడుస్తూ.

ఒక్కడూ తిరిగి చూడలేదు.

తెల్లారేవేళ గుడి గుమ్మంలో పూజారి కిరీటాలు లెక్కపెడుతున్నాడు. చూపు ఆనని ముసలాడు, ఒక్కో కిరీటాన్నీ చేత్తో తడిమి చూస్తున్నాడు. మామగారు బోడితలతో దివిటీ పట్టుకుని, దూరంగా నిలబడ్డారు.

"తొమ్మిది... పది... పదకొండు..."

పూజారి చెయ్యి ఇంకో అడుగు పక్కకి జరిగింది. గాల్లో దేన్నో తడిమి, ఆగింది.

"పన్నెండు. అబ్బ, ఎంత చల్లగా ఉన్నావయ్యా! సరే, అందరూ వచ్చారు. లోపలికి పదండి."